విల్లు పట్టిన చెయ్యి: బడి ఆటస్థలంలో ఆడపిల్లల హక్కు

(ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయినులు, తల్లులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను మాట్లాడమన్న అంశం "బడిలో వ్యాయామ విద్యలో భాగంగా విలువిద్య నేర్పితే కలిగే ప్రయోజనాలు". ఒప్పుకునే ముందు రెండు రోజులు ఆలోచించాను. నేను వ్యాయామ ఉపాధ్యాయినిని కాను. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. విల్లు పట్టుకుంది కూడా ఈమధ్యనే, అదీ సరదాకి. అయితే ఆ సరదా మధ్యాహ్నం నేను చూసిన ఒక దృశ్యం నన్ను వదల్లేదు. దాంతోనే మొదలుపెడతాను.

అదొక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. ఒక శిక్షకురాలు నాలుగు వెదురు విళ్లు, గట్టిగా బిగించి కట్టిన గడ్డి గురిబల్లలు రెండు తీసుకొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలు. మగపిల్లలు ఎగబడ్డారు. ఆడపిల్లలు గోడనీడన గుంపుగా నిలబడ్డారు. "ముందు మీరు రండి" అని శిక్షకురాలు పిలిస్తే ఒక పిల్ల ముందుకొచ్చింది. విల్లు లాగడం ఆ పిల్లకి కష్టం కాలేదు. రోజూ నీళ్ల బిందెలు మోసే చేతులవి. కష్టమైంది నిలబడటం. కాళ్లు ఎడంగా పెట్టమంటే పాదాలు జోడించుకునే నిలబడింది. భుజాలు వెనక్కి లాగమంటే చున్నీ సర్దుకుంది. తలెత్తి గురివైపు చూడమంటే నేలకేసి చూసింది. మూడుసార్లు చెప్పాక కాళ్లు ఎడం చేసింది. చేసి, ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసింది.

ఆ వెనుచూపు గురించే ఇవాళ నేను మాట్లాడబోయేది.

నిలబడటం ఎవరు నేర్పారు?

మనందరికీ తెలిసిన మాటలే గుర్తు చేస్తాను. "కాళ్లు బార్లా చాపుకుని కూర్చోకు." "మగరాయుడిలా ఆ నడకేమిటి?" "తల దించుకుని పోవడం తెలీదా?" "ఎదిగిన పిల్లవి, ఒంటిమీద గుడ్డ సరిచేసుకో." ఈ మాటలు చెప్పేది చాలాసార్లు అమ్మలే, అమ్మమ్మలే. వాళ్లకీ అలాగే చెప్పారు. పదిహేనేళ్లు వచ్చేసరికి ఈ మాటలు వినబడాల్సిన అవసరం కూడా ఉండదు. అవి కండరాల్లోకి దిగిపోతాయి. దీన్నే మేం సాంఘికీకరణ అంటాం. పితృస్వామ్యం మన బుర్రల్లోనే ఉందనుకుంటాం గానీ, అది మన మోకాళ్లలో, మెడలో, భుజాల్లో కూడా ఉంది.

1980లో ఐరిస్ మారియన్ యంగ్ అనే అమెరికన్ స్త్రీవాద తత్వవేత్త 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' అనే వ్యాసం రాసింది. ఆడపిల్ల బంతి విసిరేటప్పుడు చేతిని మాత్రమే కదుపుతుంది, మగపిల్లాడు ఒళ్లంతా వాడతాడు, ఎందుకని? ఇదీ ఆమె ప్రశ్న. ఇది ఎముకల్లో ఉన్న తేడా కాదంటుంది. తన శరీరాన్ని తను వాడుకునే సాధనంగా కాక, ఎదుటివాళ్లు చూసే వస్తువుగా అనుభవించడం వల్ల స్త్రీ తన చుట్టూ ఉన్న చోటుని పూర్తిగా వాడుకోదని ఆమె వాదన. మోసుకు తిరగాల్సిన బరువుగా, కాపాడుకోవాల్సిన సొత్తుగా మాత్రమే తెలిసిన శరీరంతో ఎవరైనా స్వేచ్ఛగా ఎలా కదులుతారు?

ఇప్పుడు విలువిద్యలో మొదటిరోజు నేర్పేవి చూడండి. పాదాలు భుజాల వెడల్పున ఎడంగా ఉండాలి. బరువు రెండు కాళ్లమీదా సమంగా పడాలి. వెన్ను నిటారుగా ఉండాలి. గడ్డం ఎత్తి, మెడ తిప్పి, కళ్లార్పకుండా గురివైపు చూడాలి. విల్లు లాగేది చేతికండ ఒక్కటే కాదు, వీపు. రెండు రెక్కల ఎముకలూ దగ్గరికి రావాలి. అంటే ఛాతీ విచ్చుకోవాలి. పన్నెండు పదమూడేళ్ల వయసులో మన పిల్లలు భుజాలు ముందుకు వంచి, పుస్తకాలు గుండెకి హత్తుకుని నడవడం మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఆ వయసు పిల్లకి "ఛాతీ విప్పి నిలబడు, అదే సరైన పద్ధతి" అని బడి చెప్పడం చిన్న సంగతి కాదు. ఇంట్లో తప్పని చెప్పిన భంగిమలన్నీ ఇక్కడ ఒప్పు. ఒకటి తప్పినా బాణం గురి చేరదు.

మరో చిన్న విషయం. అల్లెతాడు వదిలినప్పుడు వేలాడే చున్నీకో, జడకో, లోలాకులకో తగిలితే ప్రమాదం. కనుక చున్నీ తీసి పక్కన పెట్టాలి, జడ ముడేసుకోవాలి. యూనిఫాంలో చున్నీ ఉండాలా వద్దా అని టీచర్ల సమావేశాల్లో గంటలకొద్దీ వాదించాం. ఇక్కడ అది భద్రతా నియమం, వాదనకి తావులేదు.

డ్రిల్లు పీరియడ్ ఎవరిది?

నేను చదువుకున్న బడిలో డ్రిల్లు పీరియడ్ రాగానే మగపిల్లలు బంతి తీసుకుని మైదానంలోకి ఉరికేవాళ్లు. మేం చెట్టుకింద కూర్చునేవాళ్లం. ఒక్కోసారి తొక్కుడుబిళ్ల, ఒక్కోసారి అంత్యాక్షరి. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడ్ లెక్కల మాస్టారికి పోయేది. నెలసరి రోజుల్లో మరుగుదొడ్డిలో నీళ్లుండవని ఇంటి దగ్గరే ఉండిపోయేవాళ్లం. ఆడపిల్లలు ఆడకూడదని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు. మైదానం ఎవరిదో మాకందరికీ తెలుసు. ఇవాళ బళ్లలో పరిస్థితి పూర్తిగా మారిందని మీలో ఎవరైనా చెప్పగలిగితే నేను సంతోషిస్తాను.

వ్యాయామం అంటే చదువు మధ్యలో విశ్రాంతి అని, దయతలచి ఇచ్చే వెసులుబాటని మన వ్యవస్థ అనుకుంటుంది. చట్టం అలా అనుకోవడం లేదు. 1978లో యునెస్కో వ్యాయామ విద్యనూ క్రీడలనూ అందరి మౌలిక హక్కుగా ప్రకటించింది. స్త్రీలపై అన్ని రకాల వివక్షనూ తొలగించాలన్న 1979 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక, అంటే మనం 'సెడా' అనేది, 10వ అధికరణంలో క్రీడల్లో, వ్యాయామ విద్యలో చురుగ్గా పాల్గొనడానికి సమాన అవకాశం ఉండాలంది. భారతదేశం 1993లో దాన్ని ధ్రువీకరించింది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం, ప్రతి తరగతికీ అవసరమైన ఆటసామగ్రి ఉండాలంటుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది పిల్లలు దాటితే ఆరోగ్య వ్యాయామ విద్యకి పార్ట్‌టైం బోధకులుండాలంటుంది. కాబట్టి ఆడపిల్ల చెట్టుకింద కూర్చుందంటే ఆమె సిగ్గరి అని కాదు అర్థం. ఆమె హక్కు అమలు కాలేదని అర్థం.

కథల్లో విల్లు

విలువిద్య అనగానే మనకి పురాణాలు గుర్తొస్తాయి. వాటిలో ఆడవాళ్లు ఎక్కడున్నారు? సీత స్వయంవరంలో శివధనుస్సు, ద్రౌపది స్వయంవరంలో మత్స్యయంత్రం. రెండు చోట్లా విల్లు పురుషుడిది, పందెం స్త్రీ. చిన్నప్పుడు సీత ఆడుకుంటూ ఆ ధనుస్సున్న పెట్టెను అవలీలగా పక్కకి జరిపిందని మన ఇళ్లలో ఆడవాళ్లు చెప్పుకునే కథ ఉంది. జరపగలిగిన పిల్లకి విల్లు ఇవ్వలేదు. ఆమె బలం ఆమెకెలాంటి భర్త రావాలో తేల్చడానికి మాత్రమే పనికొచ్చింది. నరకాసురుడి మీద విల్లెక్కుపెట్టిన సత్యభామ ఉంది. ఆమెను దీపావళినాడు తలుచుకుంటాం. మిగతా ఏడాదంతా ఆమెను గుర్తుచేసుకునేది భర్తతో అలిగిన భామగానే.

గ్రీకుల పురాణాల్లో అమెజాన్ స్త్రీలని యోధులున్నారు. విల్లు లాగడానికి అడ్డం రాకుండా ఒక రొమ్ము కోసుకునేవారని వాళ్ల గురించి చెప్పేవారు. ఇది కల్పన. ఈనాటి ఆడ విలుకాండ్రు ఛాతీకి అడ్డంగా ఒక తేలికపాటి కవచం కట్టుకుంటారు, అంతే. అల్లెతాడు బట్టకి తగలకుండా మగవాళ్లూ దాన్నే కట్టుకుంటారు. మరి ఆ కల్పన ఎందుకు పుట్టింది? ఆయుధం పట్టాలంటే స్త్రీ తన స్త్రీత్వంలో కొంత కోసిచ్చుకోవాలని అనుకున్నవాళ్ల ఊహ అది. మన దగ్గర ఏకలవ్యుడి బొటనవేలు. ఇక్కడ ఆదివాసీ, అక్కడ స్త్రీ. విల్లు పట్టకూడనివాళ్లు పడితే శరీరంలో ఒక భాగం మూల్యంగా చెల్లించాలి. రెండు దేశాల కథలు ఇంతగా కలవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. విద్య ఎవరికి అందాలన్న విషయంలో అన్ని దేశాల పెద్దమనుషులూ ఒకేలా ఆలోచించారు.

ఒక సంగతి చెప్పాలి. ఇవాళ ఒలింపిక్స్‌లో విల్లు లాగడానికి బొటనవేలు వాడరు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, ఈ మూడే చాలు. అసలు చేతులే లేకుండా విల్లు పట్టిన అమ్మాయిని మనం చూశాం. జమ్మూలోని కిష్ట్‌వాడ్ జిల్లాలో 2007లో పుట్టిన శీతల్ దేవికి పుట్టుకతోనే చేతులు లేవు. కుర్చీలో కూర్చుని, కుడిపాదంతో విల్లు పట్టుకుని, భుజంతో తాడు లాగి, దవడ సాయంతో బాణం వదులుతుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేశ్ కుమార్‌తో కలిసి మిశ్రమ జట్టు విభాగంలో కాంస్యం తెచ్చింది. ఆమెను చూసి కళ్లు తుడుచుకుని వదిలేయకండి. ఆమె శరీరానికి తగ్గట్టు సాధనాన్ని మార్చిన శిక్షకులు ఉండబట్టే ఆమె ప్రతిభ బయటికొచ్చింది. మన బడుల్లో వికలాంగులైన పిల్లలు డ్రిల్లు పీరియడ్‌లో క్లాసురూంలోనే సంచులకి కాపలా కూర్చుంటున్నారు. శీతల్ అడిగే ప్రశ్న మనకి.

బలం, గురి

"ఆడవాళ్లకి బలం తక్కువ" అన్న మాట ఆటల్లో చివరి మాటగా చెలామణీ అవుతుంది. విలువిద్యలో ఆ మాటని కాస్త పరీక్షిద్దాం. ఒలింపిక్స్‌లో ఆడా మగా అందరికీ గురి దూరం 70 మీటర్లే. గురిబల్ల వెడల్పు 122 సెంటీమీటర్లు, మధ్యనుండే పది మార్కుల వలయం 12.2 సెంటీమీటర్లు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ర్యాంకులు నిర్ణయించే రౌండులో ఒక్కొక్కరూ 72 బాణాలు వేశారు. మొత్తం 720. కొరియా అమ్మాయి లిమ్ సి హ్యోన్ 694 సాధించింది. ఆమె జట్టులోదే నామ్ సు హ్యోన్ 688. అదే రోజు మగవాళ్లలో మొదటిస్థానం పొందిన కిమ్ ఊ జిన్ స్కోరు 686. ఒక్క రోజు స్కోరుతో అంతా తేలిపోతుందని నేననడం లేదు. మగవాళ్లు ఇంతకంటే ఎక్కువ సాధించిన పోటీలూ ఉన్నాయి. కాని ఒకే దూరం నుంచి, ఒకే గురికి, ఇద్దరు ఆడపిల్లలు మగవాళ్లలో ప్రథముడి కన్నా ఎక్కువ తెచ్చుకోగల ఆటలు ఎన్ని ఉన్నాయి? ఆ ఆటని బడిలో పెడితే, ఆడా మగా ఒకే వరుసలో నిలబడి ఒకే కాగితంమీద స్కోరు రాసుకుంటే, పిల్లలు పాఠ్యపుస్తకం చెప్పని పాఠం నేర్చుకుంటారు.

ఈ కొరియా అమ్మాయిలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. ప్రాథమిక పాఠశాల నుంచే బడుల్లో విలువిద్య జట్లుంటాయక్కడ. 1988లో ఒలింపిక్స్‌లో జట్టు పోటీలు పెట్టినప్పటి నుంచి 2024 దాకా, వరుసగా పదిసార్లు, మహిళల జట్టు స్వర్ణం కొరియాదే. అయినా ఏం జరిగిందో వినండి. టోక్యోలో 2021లో మూడు బంగారు పతకాలు గెలిచిన ఆన్ సాన్‌ని సొంత దేశంలో కొందరు మగవాళ్లు ఇంటర్నెట్‌లో తిట్టిపోశారు. కారణం, ఆమె జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది కాబట్టి స్త్రీవాది అయ్యుంటుందట! వేలమంది కొరియా స్త్రీలు ఆమె పక్షాన నిలిచారు. ఆమె మారుమాట్లాడకుండా వెళ్లి వ్యక్తిగత స్వర్ణం కూడా కొట్టింది. పతకం ఒక్కటే స్త్రీకి గౌరవం తెచ్చిపెట్టదని చెప్పడానికే ఇది చెబుతున్నాను.

మన దేశం సంగతికొస్తే, భారతీయ పురుషులు 1988 సోల్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో పాల్గొన్నారు. మన స్త్రీలు తొలిసారి వెళ్లింది 2004 ఏథెన్స్‌కి. పదహారేళ్ల తేడా. ఆ తర్వాత మన ఆడవాళ్లు ఆ దూరాన్ని తొందరగానే దాటారు. రాంచీ దగ్గర ఆటో నడిపే తండ్రికి పుట్టిన దీపికా కుమారి 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రెండు స్వర్ణాలు గెలిచింది. తల్లి అయ్యాక మళ్లీ వచ్చి 2024 పారిస్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు సాధించింది. అదే ఏడాది బెర్లిన్‌లో అదితి స్వామి, పర్ణీత్ కౌర్‌లతో కలిసి కాంపౌండ్ జట్టు ప్రపంచ స్వర్ణం తెచ్చింది. ప్రపంచ విలువిద్య పోటీల్లో భారతదేశానికి అదే మొదటి స్వర్ణం. తెచ్చింది ముగ్గురు ఆడవాళ్లు. మన పాఠ్యపుస్తకాల్లో విల్లు బొమ్మ ఎక్కడ చూసినా మగవాడి చేతిలోనే ఉంటుంది.

లాభాలు: ఉన్నవి, లేనివి

ఇక ప్రయోజనాల మాట. ఏది అమ్మాలన్నా "ఏకాగ్రత పెరుగుతుంది, మార్కులు పెరుగుతాయి" అని చెప్పడం మనకి అలవాటైంది. దయచేసి విలువిద్యని మార్కుల పేరుతో అమ్మకండి. రేపు మార్కులు పెరగకపోతే దాన్ని తీసేస్తారు. హక్కుకి లాభం సాక్ష్యంగా చూపాల్సిన పని లేదు.

అలాగే ఇది అన్నిటికీ మందు కాదు. గుండెకీ ఊపిరితిత్తులకీ పరుగు ఇచ్చేంత పని విలువిద్య ఇవ్వదు. కబడ్డీలో ఉన్న పట్టు, ఖోఖోలో ఉన్న చురుకు, పదిమంది కలిసి గెలిచే ఆనందం దీనిలో అంతగా ఉండవు. విళ్లు కొన్నాం కదా అని ఆ ఆటలు తీసేస్తే పెద్ద నష్టం.

మరి దీనిలో ఏముంది? ఒకటి, పొడుగూ పొట్టీ, లావూ సన్నం, వేగం మందం తేడాల్లేకుండా అందరూ మొదలుపెట్టగల ఆట. పరుగుపందెంలో ఎప్పుడూ చివర వచ్చే పిల్ల ఇక్కడ మొదటిరోజే వెనకబడదు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో స్వర్ణం గెలిచిన క్వీనీ న్యూవాల్ అప్పటికి యాభైమూడేళ్ల స్త్రీ. రెండు, నిన్నటి నీతో నువ్వు పోల్చుకునే ఆట. మూడు, ఊపిరిని, చేతిని, చూపుని తన అదుపులో ఉంచుకోవడం. ఇక్కడ 'అదుపు' అనే మాటకి అర్థం మారుతోంది, గమనించండి. ఆడపిల్లని అదుపులో పెట్టడం కాదు, తన శరీరం తన అదుపులో ఉండటం. నాలుగు, తప్పు కళ్లెదుట కనపడుతుంది. బాణం ఎడమకి పోతే ఎందుకు పోయిందో ఆలోచించి మళ్లీ వేయొచ్చు. తప్పు చేస్తే తిట్లు మాత్రమే తిన్న పిల్లకి తప్పు నుంచి నేర్చుకోవచ్చని తెలియడం కొత్త అనుభవం.

ప్రమాదం మాటేమిటని తల్లులు అడుగుతారు, అడగాలి కూడా. ఇది ఈలల మీద నడిచే ఆట. రెండు ఈలలంటే గీత దగ్గరికి రావాలి. ఒక ఈల అంటే వేయొచ్చు. మూడు ఈలలంటే అందరూ వేయడం ఆపారు, బాణాలు తెచ్చుకోవచ్చు. అదేపనిగా ఈల మోగితే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. గీత దాటి ఎవరూ ముందుకి పోకూడదు, పరుగెత్తకూడదు. బాణం లేకుండా తాడు లాగి వదలకూడదు. గురిబల్ల వెనక మట్టికట్టో, వలో ఉండాలి. పెద్ద గురిబల్ల పెట్టి పది అడుగుల నుంచి పదిహేను అడుగుల దూరంలో మొదలుపెట్టొచ్చు. ఈ నియమాలు పాటించే మనిషి లేకపోతే విల్లు బడిలోకి రానివ్వకండి.

ఖర్చు మాట. పోటీల్లో వాడే విల్లూ సామగ్రీ లక్షల్లో ఉంటాయి. దీపిక లాంటి పిల్లలకి అకాడమీ దొరక్కపోతే చేరలేని దూరం అది. బడికి అది అక్కర్లేదు. మన దేశంలో వెదురువిల్లుతో 'ఇండియన్ రౌండ్' అనే పోటీ విభాగమే ఉంది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో 2002లో 21 బడుల్లో మొదలుపెట్టిన పథకం ఒకటుంది. అక్కడ అందరు పిల్లలకీ ఒకే రకం విల్లు, బలాన్ని బట్టి ఎంతైనా లాగగలిగేది. చిన్నపిల్లా, పెద్దపిల్లాడూ ఒకే విల్లు మార్చుకోవచ్చు. ఆ పథకంలో వన్యప్రాణి శాఖ చేయి ఉంది, కొత్తతరాన్ని వేటవైపు తేవాలన్న ఆసక్తి ఉంది. అది మనకి అక్కర్లేదు. అందరికీ ఒకటే విల్లు అన్న ఆలోచన మాత్రం తీసుకోదగ్గది. నలభైమంది తరగతికి ఆరు విళ్లు చాలు. ఒకరు వేస్తారు, ఒకరు పక్కన నిలబడి భంగిమ చూస్తారు, ఒకరు స్కోరు రాస్తారు, తర్వాత మారుతారు.

తాకడం గురించి

ఇప్పుడు మనం సాధారణంగా దాటేసే విషయానికొస్తాను. విలువిద్య నేర్పేవాళ్లు భుజం సరిచేస్తారు, మోచెయ్యి ఎత్తుతారు, నడుము తిప్పుతారు. అంటే తాకుతారు. శిక్షకుడు మగవాడు, పిల్లకి పదమూడేళ్లు. ఏది నేర్పడం, ఏది కాదు అన్నది ఆ పిల్ల ఎవరిని అడగాలి? 2023లో జంతర్‌మంతర్ దగ్గర మన మహిళా మల్లయోధులు కూర్చున్నారు. ఒలింపిక్ పతకం మెడలో ఉన్న స్త్రీయే న్యాయం కోసం రోడ్డుమీద కూర్చోవాల్సి వస్తే, బడిపిల్ల మాట ఎవరు వింటారు? ఈ భయంతోనే చాలామంది తల్లిదండ్రులు ఆడపిల్లల్ని ఆటలు మాన్పిస్తారు. ఆ భయం అబద్ధం కాదు. కాని శిక్ష పిల్లకి పడుతోంది.

పిల్లలపై లైంగిక నేరాల నిరోధానికి 2012 పోక్సో చట్టం ఉంది. పనిస్థలంలో లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం క్రీడాసంస్థలను, స్టేడియాలను కూడా పనిస్థలాలుగానే లెక్కించింది. చట్టాలతో పాటు పద్ధతి మారాలి. ముందు చేసి చూపించాలి. తర్వాత మాటతో చెప్పాలి. అవసరమైతే బాణం వెనుకభాగంతో మోచేతిని చూపించవచ్చు. తాకక తప్పనప్పుడు "భుజం సరిచేయనా?" అని అడగాలి, వద్దంటే మానాలి. శిక్షణ నలుగురూ చూసేచోట జరగాలి. అడిగితే తప్ప తన శరీరాన్ని ఎవరూ తాకకూడదని, వద్దనే హక్కు తనకుందని ఒక పిల్ల ఆటస్థలంలో నేర్చుకుంటే, నా దృష్టిలో అది గురి తగలడం కంటే పెద్ద ప్రయోజనం. అది మగపిల్లలూ పక్కనే నిలబడి నేర్చుకుంటారు.

ఇది ఎవరి విద్య?

చివరిగా ఒక హెచ్చరిక. విలువిద్య అనగానే "మన ప్రాచీన వైభవం" అంటూ మొదలుపెట్టేవాళ్లుంటారు. ఆ వైభవంలో ద్రోణుడి పక్షాన నిలబడాలో, ఏకలవ్యుడి పక్షాన నిలబడాలో ముందు తేల్చుకోవాలి. ఈ దేశంలో విల్లుని బతికించింది రాజులు కాదు. నల్లమల చెంచులు, గోదావరి మన్యం కోయలు, కొండరెడ్లు, రాజస్థాన్ భిల్లులు, ఛోటానాగపూర్ ఆదివాసీలు. 1922లో మన్యం తిరుగుబాటులో తుపాకులకి ఎదురు నిలిచినవాళ్ల చేతుల్లో విళ్లున్నాయి. అడవి హక్కులు పోయాక, వేట నేరమయ్యాక, వాళ్ల విల్లు పండగనాటి ప్రదర్శన వస్తువయింది. 1997-98 నుంచి కేంద్రప్రభుత్వం ఆదివాసీ పిల్లలకి పెట్టిన గురుకులాలకి ఏకలవ్యుడి పేరు పెట్టారు. పేరు పెట్టడం తేలిక. వేలు తిరిగివ్వడం అంటే ఆ పిల్లలకి తిండి, టీచర్లు, శిక్షణ, అన్నీ ఇవ్వడం. నిజామాబాద్ ప్రాంతపు ఆదివాసీ రైతుకూలీల కూతురు మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. శిక్షణ అందితే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు. కాని ఒక్క పూర్ణని చూపించి మిగతా పిల్లల హక్కు తీరిందనుకోకూడదు. ఆదివాసీ ప్రాంతాల్లో ఈ విద్య నేర్పడానికి ఆ ఊళ్ల పెద్దలనే, వాళ్లలో ఆడవాళ్లనీ, గౌరవవేతనంతో బడికి పిలవాలి. వాళ్ల విద్య వాళ్లకే మనం నేర్పుతున్నట్టు నటించకూడదు.

స్త్రీవాద మిత్రులు కొందరు అడిగారు: "ఆయుధం నేర్పడం మన రాజకీయమా?" మంచి ప్రశ్న. ఆత్మరక్షణ కోసం విలువిద్య అని నేను అనను. బస్సులో వేధించేవాడి మీద బాణం వేయలేం. పైగా, నిన్ను నువ్వే కాపాడుకో అని ఆడపిల్లకి చెప్పి సమాజం చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. ఇక్కడ విల్లు ఒక సాధనం మాత్రమే. ఎదురుగా ఉన్నది శత్రువు కాదు, గడ్డిబల్ల.

ముగించే ముందు మన ముందు పెట్టదలచుకున్న ప్రతిపాదనలు ఇవి. వ్యాయామ పీరియడ్‌ని మరే సబ్జెక్టుకీ ఇవ్వకూడదు. ఆ గంటలో సగం మైదానం, సగం సామగ్రి ఆడపిల్లలవి అని రాతపూర్వకంగా ఉండాలి. ప్రతి ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినులు ఉండాలి, లేనిచోట ఒప్పందం మీదైనా స్త్రీలని నియమించాలి. మరుగుదొడ్డిలో నీళ్లు, ప్యాడ్లు, బట్టలు మార్చుకునే గది ఉండాలి. ఇవి లేకుండా ఏ ఆటా ఆడపిల్లది కాదు. తాకడంపై నియమాలు గోడమీద తెలుగులో రాసి పెట్టాలి. వీటన్నిటి తర్వాతే వెదురు విళ్లు ఆరు. ఈ వరుస తారుమారు కాకూడదు.

మొదట చెప్పిన ఆ పిల్ల దగ్గరికి వస్తాను. ఆమె వేసిన మొదటి బాణాలు గురిబల్ల దాకా కూడా వెళ్లలేదు. తర్వాత ఒకటి అంచుకి తగిలింది. పీరియడ్ అయిపోయింది. విళ్లు ఆటోలోకి ఎక్కిస్తుంటే ఆ పిల్ల వచ్చి, "మళ్లీ ఎప్పుడొస్తారు టీచర్?" అని అడిగింది. శిక్షకురాలు నావైపు చూసింది, నేను ప్రధానోపాధ్యాయురాలి వైపు చూశాను, ఆమె కాలండర్ వైపు చూసింది. అది ఒక్కరోజు కార్యక్రమం. ఆ పిల్లకి మేం ముగ్గురం చదువుకున్నవాళ్లం కలిసి జవాబు చెప్పలేకపోయాం. ఆమెకి జవాబు చెప్పాల్సిన బాధ్యత మనది. ఎలా చెబుదామో ఇప్పుడు మీరు మాట్లాడండి, నేను వింటాను.